ముందు రబ్బరు, చివర రంగు: పాత జెన్‌తో నా అనుభవం

పాత కారు కొన్నానంటే మన ఊళ్లో ముందుగా వచ్చే సలహా రంగు గురించి. రెండోది అలాయ్ చక్రాల గురించి. చెప్పేవాడు కాస్త కుర్రవాడైతే మూడోది సైలెన్సర్ గురించి. రేడియేటర్లో నీళ్లు సరిగ్గా తిరుగుతున్నాయా, బ్రేకు గొట్టాలు ఎప్పుడు మార్చారు అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. 2021లో విజయనగరంలోనే ఒక విశ్రాంత ఉద్యోగి దగ్గర 1998 మోడల్ మారుతి జెన్ కొన్నాను. ఏపీ 35 నంబరు, తెల్ల రంగు, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ ఉన్న పాత తరహా బండి. నలభై అయిదు వేలు ఇచ్చాను. "ఆ డబ్బుకు మంచి సెకండ్ హ్యాండ్ స్కూటర్ వచ్చేది కదండీ" అంది మా ఆవిడ. వచ్చేది, కాదనను.

జెన్ మన దేశంలో 1993లో వచ్చి 2006 వరకు తయారైంది. ఆ తర్వాత ఎస్టిలో అని ఒకటి అదే పేరు తగిలించుకుని వచ్చింది గానీ, దానికీ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. పాత జెన్‌లో 993 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, అయిదు గేర్లు, 50 అశ్వశక్తి. కాగితం మీద చూస్తే ఇవాళ్టి చిన్న కార్ల ముందు తీసికట్టే. కానీ కూర్చుంటే నేల దగ్గరగా ఉంటాం, స్టీరింగు తిప్పితే చక్రం ఎటు పోతోందో చేతికి తెలుస్తుంది. పవర్ స్టీరింగు లేకపోవడం లోపమని అందరూ అంటారు. గంటస్తంభం దగ్గర ఇరుకులో వెనక్కి తీసేటప్పుడు నేనూ అంటాను. నెల్లిమర్ల దాటాక మాత్రం అనను.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. కారు పని నాకు వృత్తి కాదు, సెలవు రోజు కాలక్షేపం. కొన్న వారంలోనే ఒక నిర్ణయానికి వచ్చాను: ముందు రబ్బరు, తర్వాత రేకు, తర్వాత కరెంటు, అన్నిటికీ చివర రంగు. ఇరవై ఏళ్లు దాటిన బండిలో ఇనుము కంటే ముందు చచ్చేది రబ్బరు. రేడియేటర్ గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, వాక్యూమ్ గొట్టాలు, బ్రేకు గొట్టాలు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఇంజను మౌంటులు, టైమింగ్ బెల్టు, అద్దాల చుట్టూ బీడింగు, అన్నీ రబ్బరే. పైకి నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తాయి. రేడియేటర్ పై గొట్టాన్ని బొటనవేలితో నొక్కి చూస్తే లోపల పటపటమని చిట్లిన చప్పుడు వచ్చింది. అప్పడం విరిగినట్టే. ఆ గొట్టం మా వీధి మలుపులోనే పగిలితే అదృష్టం, ఘాట్ రోడ్డు మీద పగిలితే ఇంజను పోయినట్టే.

జెన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. దీని ఇంజను దిమ్మ మొత్తం అల్యూమినియం. తేలిక, వేడిని త్వరగా వదులుతుంది. కానీ ఒకసారి అతిగా కాగిందంటే సిలిండర్ హెడ్డు వంగుతుంది, గాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. ఇంతటి ఇంజనులో మన వాళ్లు బోరు నీళ్లు పోస్తారు. నా బండిలో రేడియేటర్ మూత తీసి చూస్తే కాఫీ డికాషన్ రంగు నీళ్లు. బోరు నీటిలోని లవణాలు సన్నటి దారులను పూడుస్తాయి, అల్యూమినియాన్ని తింటాయి. కూలెంట్ ఉండేది గడ్డకట్టకుండా కాపాడడానికి మాత్రమే, మన ఎండ ఊళ్లలో దానితో పనేమిటి అనేది షెడ్డుల్లో స్థిరపడిన మాట. తుప్పు పట్టకుండా చూడడం, నీరు మరిగే ఉష్ణోగ్రతను కాస్త పైకి జరపడం కూడా దాని పనే. ఈ రెండూ శ్రీకాకుళంలోనైనా సిమ్లాలోనైనా కావలసినవే.

ఇక్కడే మా మేస్త్రిగారికీ నాకూ మొదటి వాదన వచ్చింది. కంటోన్మెంట్ వైపు చిన్న షెడ్డు ఆయనది. వయసులో నాకంటే పెద్ద. చెవి ఆనించి ఏ సిలిండర్ తప్పుతోందో చెప్పగల మనిషి. నా బండి గొట్టం విప్పి, లోపల థర్మోస్టాట్, అంటే ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్లోకి పోనివ్వని చిన్న తలుపు, లేదని చూసి, "ఎవరో తెలివైనవాడే తీసేశాడు, మాస్టారూ. మన ఎండలకు అదెందుకు?" అన్నారు.

"చల్లగా నడిస్తే మంచిదని కదా మీ లెక్క?" అన్నాను.

"అంతే కదా మరి."

ఆయన లెక్కలో సగం నిజం ఉంది. మూసుకుపోయి ఇరుక్కున్న పాత థర్మోస్టాట్ కంటే అసలు లేకపోవడమే నయం. కానీ కొత్తది ఖరీదైనదేమీ కాదు. అది లేకపోతే ఇంజను చేరవలసిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, చలికాలం ఉదయాల్లో అసలు చేరదు. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్లో కలుస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిల్ పల్చబడుతుంది. ఇదంతా నోటితో చెబితే ఆయన ఒప్పుకోలేదు. కొత్త థర్మోస్టాట్ తెచ్చి, దారం కట్టి, షెడ్డు పక్క టీ కొట్టులో మరిగే నీళ్లలో వేలాడదీశాను. మొదట గట్టిగా మూసుకుని ఉంది. నీళ్లు కాగేకొద్దీ మధ్యలోని బిళ్ల మెల్లగా పైకి లేచి సన్నటి సందు ఇచ్చింది. పైకి తీయగానే మళ్లీ మూసుకుంది. లోపల ఒక చిన్న డబ్బాలో మైనం ఉంటుంది, ఎనభై డిగ్రీలు దాటాక అది కరిగి వ్యాకోచించి బిళ్లను తోస్తుంది, అంతే సంగతి. మేస్త్రిగారు రెండోసారి తానే దారం పట్టుకుని ముంచి చూశారు. "పెట్టేద్దాం" అన్నారు. టీ కొట్టు వాడు మాత్రం ఆ నీళ్లు పారబోయించి గిన్నె తోమించాడు.

పెట్రోలు గొట్టాల సంగతి ఇంకాస్త లోతైనది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1998లో ఆ బండి చేసినవాళ్లు ఈ ఇంధనాన్ని ఊహించలేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. నేను ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చాను, క్లిప్పులు సహా. కార్బురేటర్ గాస్కెట్ కిట్టు వేశాను. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక పాత కొలతలకు గాలి-పెట్రోలు మిశ్రమం కాస్త పలచనవుతుంది. ఐడ్లింగులో బండి తడబడుతుంటే మిశ్రమం స్క్రూ కొద్దిగా తిప్పి సరిచేసుకోవలసి వచ్చింది. కారు నెల రోజులు కదలకుండా నిలబడేట్టయితే ట్యాంకు నిండా ఉంచుతాను. ఖాళీ చోటు తక్కువైతే తేమకూ చోటు తక్కువే.

బ్రేకుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ముందు డిస్కు ప్యాడ్లు, వెనక డ్రమ్ములో వీల్ సిలిండర్ కిట్లు, గొట్టాలు, కొత్త ఫ్లూయిడ్. ఈ నాలుగూ వేయించకుండా స్టీరియో కొనేవాడి బండి నేను ఎక్కను.

ఇక రేకు. వాన కురిసిన రెండో రోజు కూడా కారులో తడి గోనెసంచి వాసన వస్తుంటే మ్యాట్లు ఎత్తి చూశాను. డ్రైవరు కాళ్ల కింద కార్పెట్టు కింది పీచు నీళ్లు పీల్చి బరువెక్కి ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో నేలను కొడుతూ పోతే కొన్ని చోట్ల టంగుమంది, కొన్ని చోట్ల చప్పుడే లేదు. చప్పుడు లేని చోట మొనతో పొడిస్తే అవతలికి దిగిపోయింది. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా రేకు అతికించడం దండగ. వెతికితే దొరికింది: వైపర్ల కింద గాడిలో పడ్డ నీళ్లు బయటికి పోయే కన్నాలు వేపాకులతో పూడిపోయాయి. ఆ నీళ్లు లోపలికి తిరిగాయి. పాత కారు చెట్టు కింద పెడితే నీడ ఒకటే కాదు, ఇదీ వస్తుంది.

రేకు పని ఎక్కడ చేయించాలి? పెద్ద షెడ్డుల్లో అడిగితే పుట్టీ నింపి పైన నలుపు కొడతామన్నారు. పుట్టీ నేలను మోయదు, మనిషి బరువును అసలే మోయదు. చివరికి సాలూరు వెళ్లాను. సాలూరు లారీల ఊరు. ఘాట్ ఎక్కి సుంకి, కొరాపుట్ మీదుగా ఒడిశాకూ ఛత్తీస్‌గఢ్‌కూ పోయే సరకంతా ఆ ఊరి మీదుగానే పోతుంది. ఇంటికొక లారీ మనిషి అన్నట్టుంటుంది అక్కడ. బాడీ కట్టేవాళ్లు, టింకరింగ్ చేసేవాళ్లు, కమాను పట్టీలు వేసేవాళ్లు రోడ్డు పొడుగునా కనిపిస్తారు. 2022 నుంచి ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది గానీ, లారీ పనికి మా విజయనగరం వాళ్లకు ఇప్పటికీ సాలూరే.

అక్కడ ఒక పెద్దాయన నా జెన్ చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపుతో తలుపు తట్టి, "ఇది రేకా, కాగితమా?" అన్నారు. లారీ మందం రేకుకు అలవాటుపడిన చెయ్యి. నాకు భయం వేసింది, పల్చటి రేకును ఒక్కసారిగా వెల్డింగ్ చేస్తే వేడికి అలలు తిరిగిపోతుంది. ఆయనకు నా కంటే ముందే తెలుసు. ముందు బ్యాటరీ తీగ విప్పించారు, సీట్లు, కార్పెట్టు మొత్తం తీయించారు. కింద పెట్రోలు గొట్టం పోయే దారి చూసి దాన్ని పక్కకు లాగి కట్టేశారు. కుళ్లిన భాగాన్ని, దాని చుట్టూ మంచిదని కనిపించే అంగుళం మేర సహా, కటింగ్ మిషన్‌తో కోసేశారు. తుప్పు అంచు దగ్గర ఆగదట, రేకు పొరల్లో ముందుకు పాకి ఉంటుందట. కొత్త రేకును అట్టముక్క కొలతతో కత్తిరించి, మోకాలి మీద పెట్టి సుత్తితో గాడి తీశారు. ఆ గాడి లేకపోతే నేల కాలి కింద డబ్బా మూతలా టకటకమంటుంది. ఆ తర్వాత అతుకు: ఇక్కడ ఒక చుక్క, దానికి ఎదురుగా ఆ చివర ఒక చుక్క, మధ్యలో తడిగుడ్డతో ఒత్తడం. పక్కపక్కనే రెండు చుక్కలు ఎప్పుడూ వేయలేదు. తొందరేమీ లేదు. మధ్యలో రెండు లారీల వాళ్లు వచ్చి తొందరపెడితే, "మాస్టారి బండి చల్లారాలి" అని వాళ్లను కూర్చోబెట్టారు.

అతుకుల మీద జింకు ప్రైమర్, సందుల్లో సీలెంట్, కింద నుంచి నల్లటి తుప్పు నిరోధక పూత. డిక్కీ తలుపు కింది అంచు, వెనక చక్రాల గోపురాలు కూడా అప్పుడే చేయించాను. పైకప్పు మీద ఒక సొట్ట ఉంది, 2014లో హుద్‌హుద్ తుపాను నాడు కొబ్బరిమట్ట పడిందని అమ్మినాయన చెప్పాడు. పెద్దాయన దాన్ని తీసేస్తానన్నారు. నేను వద్దన్నాను. తుప్పు లేదు, నీరు నిలవదు, ఉండనీ.

ఇక అందరికీ ఇష్టమైన భాగం, సొంత అభిరుచికి తగ్గట్టు మార్చుకోవడం. దీనికో హద్దు ఉందని చాలామందికి తెలియదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన మౌలిక నిర్దేశాలను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. రంగు మార్చినా ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. అద్దాలకు నల్ల ఫిలింలు 2012లోనే వద్దన్నారు. మా పాత విద్యార్థి ఒకడు, "మాస్టారూ, ఎస్టీమ్ 1298 సీసీ ఇంజను దీనిలో చక్కగా కూర్చుంటుంది, పెట్టేద్దామా?" అని ఉత్సాహపడ్డాడు. కూర్చునే మాట నిజమే, రెండూ ఒకే కుటుంబం ఇంజన్లు. కానీ ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు ఏమవుతుంది? 50 అశ్వశక్తికి సరిపోయేలా చేసిన బ్రేకులు ఏమవుతాయి? వాడు ఇప్పటికీ నన్ను పిరికివాణ్నే అనుకుంటున్నాడు.

నేను చేసిన మార్పులు కంటికి కనిపించనివి. టైర్ల సంగతి చెబుతాను. కంపెనీ సైజు 145/70 ఆర్ 13. ఆ సైజులో నాకు నచ్చిన రకం దొరకలేదు. దుకాణాల్లో 155/70 వేసుకోమన్నారు, చూడడానికి నిండుగా ఉంటుందని. లెక్క వేశాను. టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, అందులో 70 శాతం అంటే పక్క ఎత్తు 101.5 మిల్లీమీటర్లు. రెండు పక్కలు, 13 అంగుళాల రిమ్ము కలిపితే చక్రం వ్యాసం 533. 155/70 అయితే 547 అవుతుంది, రెండున్నర శాతం పెద్దది. స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, గేర్లు బరువెక్కుతాయి, అసలే చిన్న ఇంజను. అదే 155/65 అయితే 532. ఒక్క మిల్లీమీటరు తేడా. పాత ఆల్టో కె10కు వచ్చిన సైజు కనుక ఎక్కడైనా దొరుకుతుంది. అది వేశాను. ఈ లెక్క తర్వాత తొమ్మిదో తరగతికి క్షేత్రమితిలో ఇచ్చాను, సగం మంది రిమ్మును అంగుళాల్లోనే కూడేశారు.

హెడ్‌లైట్లు ఇంకా మంచి పాఠం. రాత్రి భోగాపురం వైపు పోతుంటే ఎదుటి బండి వెలుగులోనే నా దారి చూసుకోవలసి వచ్చేది. అందరూ 100 వాట్ల బల్బులు వేయమన్నారు. మల్టీమీటర్ పెట్టి చూస్తే, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు కాళ్ల దగ్గర 11.9. మిగతాది స్టీరింగు కింది పాత స్విచ్‌లో, సన్న తీగల్లో, తుప్పు పట్టిన కనెక్షన్లలో వేడిగా పోతోంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు మూడో వంతు దాకా తగ్గుతుంది. అలాంటి తీగలకు 100 వాట్ల బల్బు తగిలిస్తే స్విచ్ కరుగుతుంది, ఇంకేమీ జరగదు. బల్బులు పాతవే, 60/55 వాట్లవే ఉంచి, బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి మందపాటి తీగ లాగి రెండు రిలేలు బిగించాను. స్విచ్ ఇప్పుడు కబురు మాత్రమే పంపుతుంది, కరెంటు మోసేది రిలే. బల్బు దగ్గర 13.4 వచ్చింది. తెల్లటి వెలుగు. ఖర్చు వెయ్యి రూపాయల లోపే. ఎదుటివాడి కళ్లలోకి పోకుండా గోడ మీద గీత గీసి మళ్లీ ఎత్తు సరిచేశాను. ఈ చివరి పని మన రోడ్ల మీద ఎంతమంది చేస్తున్నారో రాత్రి పూట హైవే ఎక్కితే తెలుస్తుంది.

రంగు 2023లో, ఆర్సీ గడువు ముగిసే ముందు వేయించాను, అదీ రేకు మార్చిన భాగాలకే. పాత తెలుపు ఎండకు పండి కాస్త మీగడ రంగుకు తిరిగి ఉంటుంది. కొత్త తెలుపు డబ్బాలోంచి నేరుగా కొడితే మచ్చలా కనిపిస్తుంది. పెయింటరు ఒక చుక్క పసుపు, అంతకంటే తక్కువ నలుపు కలుపుతూ, బానెట్ పక్కన పెట్టి ఎండలో చూస్తూ రంగు సరిపోల్చాడు. షెడ్డు ట్యూబ్‌లైటు కింద చూడనివ్వలేదు.

ఆర్సీ 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఫారం 25, బీమా, కాలుష్య ధ్రువపత్రం, హరిత పన్ను, బండిని తీసుకెళ్లి చూపించడం. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఈ రుసుము 600 నుంచి 5000 అయింది, నేను అది కట్టాను. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. నాకు మళ్లీ 2028లో వస్తుంది. పాత బండ్లు పొగ వదులుతాయన్న మాటలో నిజం ఉంది కనుక నేను పోట్లాడను. కానీ ట్యూనింగు సరిగ్గా ఉన్న పాత బండికీ, ఊరంతా నల్లగా చేసే దానికీ ఒకే రుసుము కావడం మాత్రం నాకు మింగుడుపడలేదు. తనిఖీ చేసినాయన బానెట్ ఎత్తి, రిలేల తీగలు చూసి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగారు. చెప్పాను. ఫ్యూజు ఉందా అని వేలు పెట్టి చూసి సంతకం చేశారు.

అసలు పరీక్ష అనంతగిరి ఘాట్. శృంగవరపుకోట దాటాక రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. మే నెలలో నలుగురం, సామాను, రెండో గేరు. థర్మోస్టాట్ లేని రోజుల్లో మైదానంలో ఇంజను వేడి చూపించే సూది అడుగున పడి ఉండి, ఎత్తు ఎక్కితే గబగబా పైకి పాకేది. ఇప్పుడు ఊరు దాటే లోపే మధ్యకు వచ్చి, డముకు దాకా అక్కడే నిలబడింది. ఫ్యాను రెండు చోట్ల తిరిగి ఆగింది. వెనక సీట్లో మా ఆవిడ కాఫీ తోటల గురించి మాట్లాడుతోంది, నేను సూదినే చూస్తున్నానని గమనించి, "రోడ్డు చూడండి" అంది.

ఇప్పటివరకు కొన్నదానికి రెట్టింపు పైనే ఖర్చయింది, మొత్తం ఎంతో కూడడం మానేశాను. ప్రస్తుతం పని డ్రైవరు వైపు కిటికీ మీద నడుస్తోంది. అద్దం పైకి వచ్చేటప్పుడు ముందుకు ఒరుగుతోంది. లోపల అద్దాన్ని పట్టుకునే చానల్ రబ్బరు అరిగిపోయింది. కొత్తది దొరకడం లేదు, వేరే బండిది కోసి సరిపెట్టాలి. వచ్చే రెండో శనివారం విశాఖ ఆటోనగర్ వెళ్లి పాత సామాను దుకాణాల్లో వెతకాలి. కొలతకు పాత ముక్క ఒకటి కోసి సంచిలో వేసుకున్నాను. తలుపు లోపలి అట్టను ఇంకా బిగించలేదు.